బాల్డ్ కంటిమందు, మందులకు లొంగని బ్యాక్టీరియా: తరచుగా అడిగే ప్రశ్నలు

వెయ్యేళ్ల నాటి ఆంగ్లేయ కంటిమందు, చాలా మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అనే బ్యాక్టీరియాను చంపిందన్న వార్త 2015లో వచ్చింది. అప్పటి నుంచీ అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. విద్యార్థులు ఒకలా అడుగుతారు, ఇంట్లో మానని పుండుతో బాధపడేవాళ్ళు ఇంకోలా అడుగుతారు. అందుకే దశలవారీగా ఇక్కడ కూర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## పుస్తకం, అందులోని మందు

ఇంతకీ ఏమిటీ మందు? ఎక్కడ దొరికింది?

పాత ఇంగ్లీషులో రాసిన 'బాల్డ్ వైద్య గ్రంథం'లో ఉన్న కంటిమందు ఇది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో రాయల్ 12 డి 17 అన్న గుర్తుతో ఆ రాతప్రతి ఉంది. ప్రతి పదో శతాబ్దం మధ్యనాటిది. మూలాన్ని అంతకుముందే, తొమ్మిదో శతాబ్దపు ఆంగ్లేయ రాజు ఆల్ఫ్రెడ్ కాలానికి దగ్గరలో కూర్చి ఉంటారని పండితుల అంచనా. పుస్తకం బాల్డ్ అనే ఆయనదనీ, దాన్ని చిల్డ్ అనే ఆయన చేత రాయించారనీ అందులోనే ఒక లాటిన్ వాక్యం చెబుతుంది. ఇంతకుమించి ఆ ఇద్దరి గురించీ ఏమీ మిగల్లేదు. ఈ మందు ఎక్కడో మరుగునపడి 2015లో బయటపడిందని కొందరు రాశారు. అది సరికాదు. ఈ గ్రంథం 1860లలోనే అచ్చయింది. 2015లో కొత్తగా జరిగింది, రాసింది రాసినట్టు తయారుచేసి పరీక్షించడం.

అసలు అందులో ఏమని రాసి ఉంది?

కనురెప్ప మీద లేచే గడ్డకు మందు అది. ఒక ఉల్లిజాతి దుంప, వెల్లుల్లి సమపాళ్ళలో తీసుకుని బాగా నూరాలి. వైన్, ఎద్దు పిత్తం కూడా సమపాళ్ళలో తీసుకుని ఆ ముద్దలో కలపాలి. ఇత్తడి పాత్రలో పోసి తొమ్మిది రాత్రులు కదపకుండా ఉంచాలి. తర్వాత గుడ్డలో వేసి పిండి, తేటగా తీసి, కొమ్ములో పోసుకుని, రాత్రిపూట ఈకతో కంటికి రాయాలి. చివర్లో "శ్రేష్ఠమైన మందు" అని కూడా చేర్చారు.

ఇందులో చిక్కు ఆ ఉల్లిజాతి దుంప దగ్గరే. మూలంలో ఉన్న పేరు ఉల్లిగడ్డకూ వర్తిస్తుంది, కాడ ఉల్లిలా పొడుగ్గా ఉండే లీక్‌కూ వర్తిస్తుంది. ఏదో ఒకటి ఊహించుకోకుండా పరిశోధకులు రెండు రకాలుగానూ చేసి చూశారు.

ఎద్దు పిత్తం అంటే మన గోరోచనమేనా?

కాదు. గోరోచనం పశువు పిత్తాశయంలో గట్టిపడిన రాయి. ఈ యోగంలో, అంటే ఈ మందు కూర్పులో, వాడింది పిత్తాశయంలో ఉండే చేదు ద్రవం. రెండింటి రసాయన కూర్పూ వేరు, ఒకదాని బదులు ఇంకోటి వేస్తే కుదరదు.

ఆ కాలపు మందుల్లో మంత్రాలూ తాయెత్తులూ ఉండేవి కదా, ఇదొక్కటే ఎందుకు పట్టుకున్నారు?

నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పాత ఇంగ్లీషు వాఙ్మయం చదివిన క్రిస్టినా లీ, సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు ఫ్రేయా హారిసన్, స్టీవ్ డిగిల్ కలిసి ఎంచుకున్న యోగం ఇది. ఎంపికకు గట్టి కారణాలే ఉన్నాయి. ఇందులో చెప్పిన జబ్బు ఇన్ఫెక్షనే అని పోల్చుకోవచ్చు. కనురెప్ప కురుపుకు ఎక్కువసార్లు కారణమయ్యేది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. పదార్థాలు నాలుగే, అన్నీ నేటికీ దొరుకుతాయి. చేసే వరుసా, ఉంచాల్సిన కాలమూ తేటగా రాసి ఉన్నాయి. సగం పదార్థాలు ఏమిటో తెలియని యోగాన్ని పరీక్షిస్తే, పనిచేయకపోయినా అది యోగం లోపమో మన ఊహ లోపమో తేల్చలేం.

## తయారీ

ల్యాబ్‌లో ఏ కొలతలతో చేశారు?

తొక్క తీసిన వెల్లుల్లినీ ఉల్లినీ విడివిడిగా సన్నగా తరిగి, రెండూ సమానంగా, 25 మిల్లీలీటర్ల చొప్పున కొలిచి, కల్వంలో కలిపి 2 నిమిషాలు నూరారు. దానిలో 25 మి.లీ. తెల్ల వైన్ పోశారు. తాజా పిత్తం బదులు, ల్యాబ్ సరుకుగా దొరికే ఎద్దు పిత్త లవణాలను మి.లీ.కి 89 మిల్లీగ్రాముల చొప్పున నీళ్ళలో కరిగించి, అదీ 25 మి.లీ. కలిపారు. గాజు సీసాల్లో పోసి, ఇత్తడి రేకు ముక్కలు వేసి, చీకట్లో 4 డిగ్రీల చలిలో 9 రాత్రులు ఉంచారు. ఆ తర్వాత వడకట్టి, మడ్డిని అడుక్కి దించే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పి, పైకి తేరిన ద్రవాన్ని వాడారు. ఇది ల్యాబ్‌లో ఏం జరిగిందో తెలియడానికి ఇస్తున్న వివరం, ఇంట్లో వంటకు కాదు.

తొమ్మిది రాత్రులకు ఏమైనా అర్థం ఉందా, లేక ఆ అంకె మీద నమ్మకమేనా?

ఆనాటి ఆంగ్లేయుల వైద్యంలో తొమ్మిదికి పవిత్రత ఉన్న మాట నిజమే. అయినా ఆ గడువు వల్ల ఒరిగేది కంటికి కనిపిస్తుంది. నేలలో పెరిగిన వెల్లుల్లి, ఉల్లితో పాటు మట్టి బ్యాక్టీరియా కూడా సీసాలోకి వస్తుంది. తొమ్మిది రోజులు గడిచేసరికి ఆ బ్యాక్టీరియా చచ్చి, మందు తనను తానే శుద్ధి చేసుకుంది. ఫ్రిజ్ లేని కాలంలో కంట్లో వేసే మందుకు ఇది చిన్న విషయం కాదు. పైగా ముద్దలోని సారం వైన్‌లోకి దిగడానికీ, పదార్థాలు ఒకదానితో ఒకటి చర్య జరపడానికీ సమయం పడుతుంది.

ఇత్తడి పాత్ర తప్పనిసరా?

అక్కర్లేదనే తేలింది. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగికి బ్యాక్టీరియాను చంపే గుణం ఉంది, కాబట్టి అసలు కిటుకు పాత్రలోనే ఉందని మొదట చాలామంది అనుకున్నారు. మొత్తం పాత్రను శుద్ధి చేయడం కష్టం కనుక 2015లో రేకు ముక్కలు వేశారు. తర్వాతి ప్రయోగాల్లో ఆ ముక్కలు లేకుండానే చేశారు, మందు బలం తగ్గలేదు. రాగి చెంబు నీళ్ళ మీద గురి ఉన్న మనవాళ్ళకు ఇది కాస్త నిరాశే. కానీ పులుపూ ఆల్కహాలూ కలిసిన ద్రవాన్ని కళాయి లేని ఇత్తడిలో రోజుల తరబడి ఉంచితే రాగి మితిమీరి దిగుతుందన్నది మన వంటిళ్ళకూ తెలిసిన సంగతే.

వెల్లుల్లి ఎలా నూరాలన్న దానికి అంత పట్టింపు ఎందుకు?

వెల్లుల్లిలో బ్యాక్టీరియాను చంపే పదార్థం అల్లిసిన్. చెక్కుచెదరని రెబ్బలో అది ఉండదు. దాని ముడిసరుకైన అల్లిన్ ఒక చోట, దాన్ని మార్చే అల్లినేజ్ ఎంజైము మరో చోట ఉంటాయి. రెబ్బ చితికి కణాలు పగిలినప్పుడే రెండూ కలిసి, క్షణాల్లో అల్లిసిన్ పుడుతుంది. చాకుతో పెద్ద ముక్కలుగా కోస్తే తక్కువ పుడుతుంది, మెత్తగా నూరితే ఎక్కువ. వేడి తగిలితే ఎంజైము చెడిపోతుంది. బాగా పుల్లటి ద్రవంలోనూ దాని పని ఆగిపోతుంది. అందుకే ముందు నూరి, తర్వాతే వైన్ పోయమన్న పాత వరుసను తారుమారు చేయకూడదు. రాసినవాళ్ళకు ఎంజైము సంగతి తెలియకపోయినా వరుస మాత్రం సరిగ్గా రాశారు.

వైన్ బదులు వెనిగర్ వాడొచ్చా? ఎర్ర వైన్ అయితే?

వాడొచ్చు, కానీ అప్పుడది వేరే యోగం. దాన్ని మళ్ళీ మొదటి నుంచి పరీక్షించాలి. పులుపు, ఆల్కహాలు, వగరునిచ్చే టానిన్లు మూడూ మారిపోతాయి.

మా బ్యాచ్ అసలు పనిచేయలేదు. ఎక్కడ తప్పు జరిగి ఉంటుంది?

ఎక్కువగా దొర్లే పొరపాట్లు ఇవి. మొలకెత్తిన, ఎండిపోయిన వెల్లుల్లి వాడటం, దానికంటే ఘోరంగా సీసాలో అమ్మే అల్లం వెల్లుల్లి పేస్టు వాడటం. పేస్టులో ఉప్పు, నూనె, నిల్వ పదార్థాలు ఉంటాయి, అల్లిసిన్ ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే ముద్ద వేడెక్కుతుంది. పిత్త లవణాలు గోరువెచ్చని నీళ్ళలో నిదానంగా కరుగుతాయి. ఉండలు కట్టిన ద్రావణాన్ని అలాగే పోస్తే ఒక్కో సీసాలో ఒక్కో గాఢత వస్తుంది.

వడపోత దగ్గర ఇంకో చిక్కు. నేరుగా 0.22 మైక్రాన్ ఫిల్టరుకు పెడితే జిగురుతో నిమిషంలో మూసుకుపోతుంది. ఒత్తి నెట్టితే పొర చిరగవచ్చు, పనిచేసే పదార్థం పైనే మిగిలిపోవచ్చు. ముందు గుడ్డ, తర్వాత సెంట్రిఫ్యూజ్, అవసరమైతేనే ఫిల్టరు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక పంట వెల్లుల్లికీ ఇంకో పంట వెల్లుల్లికీ బలం మారుతుంది. అందుకే ఒక్క బ్యాచ్‌తో ఏదీ తేల్చకూడదు.

## పరీక్షించే తీరు

ఎంఆర్‌ఎస్‌ఏ అంటే ఏమిటి? దానికంత భయం ఎందుకు?

పెన్సిలిన్ కుటుంబపు మందైన మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్. ఈ బ్యాక్టీరియా మామూలుగా చాలామంది ముక్కులో, చర్మం మీద హాని చేయకుండా ఉంటుంది. పుండులోకో రక్తంలోకో చేరితేనే ప్రమాదం. పెన్సిలిన్ కుటుంబపు మందులు బ్యాక్టీరియా గోడ కట్టే ప్రోటీన్లకు అతుక్కుని పనిచేస్తాయి. ఎంఆర్‌ఎస్‌ఏలో మెకా అనే జన్యువు వల్ల మందు అతుక్కోలేని మరో ప్రోటీను తయారై గోడ పని కొనసాగిస్తుంది. మెథిసిలిన్ వాడకంలోకి వచ్చిన కొద్దికాలానికే, 1961లోనే, బ్రిటన్‌లో ఈ రకం కనిపించింది. వాంకోమైసిన్, లినెజోలిడ్ వంటివి దీని మీద ఇంకా పనిచేస్తున్నాయి. అవీ పోతే ఏమిటన్నదే భయం.

డాక్టరు చెప్పకుండా మందులు మింగడం వల్లే ఈ పరిస్థితి వచ్చిందా?

అదొక పెద్ద కారణం, అదొక్కటే కాదు. కోళ్ళకూ పశువులకూ పెట్టే యాంటీబయాటిక్స్, ఆసుపత్రుల్లో చేతుల శుభ్రత లోపం, ఫ్యాక్టరీల వ్యర్థజలాలు అన్నీ కలుస్తాయి. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే కూడా ఎక్కువ గాఢత అది. అలాంటి నీటిలో బతికి బట్టకట్టేవి మందుకు లొంగని బ్యాక్టీరియాలే.

బయోఫిల్మ్ అని పదే పదే అంటారు, ఏమిటది?

బ్యాక్టీరియా ఒకదానికొకటి అతుక్కుని, తామే ఊర్చిన జిగట పొరలో గుంపుగా బతకడం. కడగని కుండ లోపలి గోడకు పట్టే జారుడు పాచి అలాంటిదే. మానని పుండ్లలో, క్యాథెటర్ల మీద, పళ్ళ మీద ఉండేది ఇదే. ద్రవంలో విడిగా తేలే బ్యాక్టీరియాను చంపే మోతాదుకు వంద నుంచి వెయ్యి రెట్లు పెంచినా బయోఫిల్మ్‌లో ఉన్నవి చావకపోవచ్చు. అందుకే పరీక్ష గొట్టంలో గెలిచి పుండు మీద ఓడిపోయే మందులు అన్ని ఉన్నాయి.

2005లో పనిచేయదన్నారట, 2015లో పనిచేస్తుందన్నారు. ఏది నిజం?

రెండూ జరిగాయి. అమెరికాలో బార్బరా బ్రెనెసెల్, మైకేల్ డ్రౌట్, రాబిన్ గ్రావెల్ 2005లో ఈ యోగాన్ని పరీక్షించి, చెప్పుకోదగ్గ ప్రభావం లేదన్నారు. తేడా ఎక్కువగా పరీక్షించిన తీరులో ఉంది. బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్ళెం (అగర్ ప్లేటు) మీద మందు పెట్టి చుట్టూ ఎంత మేర బ్యాక్టీరియా పెరగలేదో చూసే పద్ధతిలో, మందు జెల్లీలోకి పాకగలిగితేనే గుర్తు కనిపిస్తుంది. నాలుగైదు పదార్థాలు కలిసిన చిక్కటి ద్రవం సరిగ్గా పాకకపోతే, బలమైన మందైనా బలహీనంగా కనిపిస్తుంది. 2015లో కొల్లాజెన్ జెల్లీతో, సీరం కలిపిన ద్రవంతో నమూనా పుండు తయారుచేసి, అందులో బ్యాక్టీరియాను ముందుగా పెంచి, మందు నేరుగా పోసి, బతికినవాటిని లెక్కపెట్టారు. పాత మందుల్ని పరీక్షించే ఎవరికైనా ఇది చాలా అవసరమైన పాఠమని మా అభిప్రాయం. "పనిచేయలేదు" అన్న ప్రతి ఫలితం పక్కనా ఏ పద్ధతిలో అన్నది చూడాలి.

ఏ పదార్థం పనిచేస్తోందో ఎలా కనిపెడతారు?

ఒక్కోటి తీసేసి చేసి చూడాలి. నాలుగు పదార్థాలకు, ఏదీ లేని నీళ్ళతో సహా, 16 కలయికలు వస్తాయి. ఒక్కోటి విడిగా, రెండేసి, మూడేసి, నాలుగూ కలిపి. తీసేసిన పదార్థం చోట అదే పరిమాణంలో నీళ్ళు పోయాలి. లేకపోతే మిగిలినవాటి గాఢత పెరిగి లెక్క తప్పుతుంది. అన్నిటినీ ఒకే రోజు, ఒకే వెల్లుల్లి రాశితో చేసి, అన్నిటికీ అదే తొమ్మిది రాత్రుల గడువు ఇవ్వాలి.

ఎంఎస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టుగా చేయాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

చేయదగ్గ ప్రాజెక్టే. అయితే ఎంఆర్‌ఎస్‌ఏతో పనికి బయోసేఫ్టీ లెవెల్ 2 సదుపాయం, కాలేజీ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ఉండాలి. అవి లేకపోతే మామూలు ప్రామాణిక స్టాఫ్ రకంతో మొదలుపెట్టండి. ఆసుపత్రి నుంచి తెలిసినవాళ్ళ ద్వారా శాంపిల్ తెచ్చుకోవద్దు.

ద్రవం మసగ్గా, రంగుతో ఉంటుంది కనుక స్పెక్ట్రోఫొటోమీటర్ రీడింగును నమ్మలేం. పలుచన చేసి, ప్లేట్ల మీద వేసి కాలనీలు లెక్కపెట్టాల్సిందే. ఇక్కడే చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. కొంచెం మందు శాంపిల్‌తో పాటు ప్లేటు మీదికి వచ్చేసి, అక్కడ కూడా బ్యాక్టీరియాను అణచివేస్తుంది. పుండు నమూనాలో చావనివి కూడా చచ్చినట్టు లెక్కలోకి వస్తాయి. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువు ఉంది. అప్పటిదాకా మందు తగలని బ్యాక్టీరియాకు మందు కలిపి, ఆ వెంటనే పలుచన చేసి ప్లేటు మీద వేయండి. అక్కడ సంఖ్య తగ్గితే మీ పలుచన చాలలేదన్నమాట. బ్యాక్టీరియాను సెంట్రిఫ్యూజ్‌లో దించి, ఒకటి రెండుసార్లు కడిగి వేస్తే ఈ లోపం చాలావరకు పోతుంది.

పుల్లటి నీళ్ళ కంట్రోలు కూడా పెట్టండి. మందుకు ఉన్న పీహెచ్‌కే, అంటే అదే పులుపు స్థాయికి, తెచ్చిన నీళ్ళు బ్యాక్టీరియాను ఎంత చంపుతాయో తెలియకపోతే, పులుపు చేసిన పనిని వెల్లుల్లి ఖాతాలో రాస్తారు. కనీసం మూడు వేర్వేరు బ్యాచ్‌లు ఉండాలి. ఒకే సీసా నుంచి మూడుసార్లు తీస్తే అది మూడు బ్యాచ్‌లు కాదు.

## ఫలితాలు

నిజంగా ఎంత శాతం చచ్చాయి?

2015 నాటి నమూనా పుండులో వెయ్యింటికి ఒక్క బ్యాక్టీరియా కణం బతికింది. విడి పదార్థాలు ఒక్కొక్కటిగా వేసినప్పుడు అంత ప్రభావం కనిపించలేదు. టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో కెండ్రా రంబా బృందం, ఎంఆర్‌ఎస్‌ఏ సోకిన ఎలుకల పుండ్ల నుంచి తీసిన ముక్కల మీద పరీక్షిస్తే సుమారు 90 శాతం చచ్చాయి. వార్తల్లో ఈ 90 శాతమే ఎక్కువగా నలిగింది. అది గొప్ప అంకెలా వినిపిస్తుంది కానీ పుండులో కోట్ల బ్యాక్టీరియా ఉన్నప్పుడు పదో వంతు మిగలడమంటే ఇంకా లక్షల్లో ఉన్నట్టే. మొదటి అడుగుగా మంచి ఫలితం, చికిత్సగా సరిపోదు.

ఏయే బ్యాక్టీరియా మీద పనిచేసింది?

2020లో వార్విక్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అధ్యయనంలో, బయోఫిల్మ్‌గా పెరిగిన ఐదు రకాల మీద ప్రభావం చూపింది: అసినెటోబ్యాక్టర్ బౌమానీ, స్టెనోట్రోఫోమొనాస్ మాల్టోఫిలియా, స్టాఫిలోకాకస్ ఆరియస్, స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్. వీటిలో మొదటిది ఐసీయూ వైద్యుల్ని నిద్రపోనివ్వనిది. ద్రవంలో తేలుతున్నప్పుడు లొంగినవన్నీ బయోఫిల్మ్‌లోనూ లొంగుతాయని అనుకోకండి.

అల్లిసిన్ ఒక్కటే తీసి వాడితే సరిపోదా?

తేలే బ్యాక్టీరియా వరకు చాలావరకు సరిపోతుంది. 2020 అధ్యయనంలో ఆ ప్రభావాన్ని అల్లిసిన్‌తోనే వివరించగలిగారు. బయోఫిల్మ్ దగ్గరికి వచ్చేసరికి వెల్లుల్లి ఒక్కటే చేతులెత్తేసింది, నాలుగూ కలిస్తేనే పని జరిగింది. అల్లిసిన్ ప్రోటీన్లలోని గంధకపు భాగాలతో చర్య జరిపి వాటిని పాడుచేస్తుంది. పిత్త లవణాలు డిటర్జెంటు తరహాలో కణపు పొరను వదులు చేస్తాయి. ఉల్లిలోనూ గంధకపు సమ్మేళనాలు ఉన్నాయి, వైన్ పులుపునూ ఆల్కహాలునూ ఇస్తుంది. పాత వైద్యాన్ని ఆధునిక పద్ధతిలో చూసేటప్పుడు మొదట చేసేది ఒక్క మూలపదార్థాన్ని వేరుచేయడం. ఈ మందును అలా చూసి ఉంటే అందులోని విలువైన గుణమే చేజారేది. ఈ మొత్తం వ్యవహారంలో మాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే విషయం ఇదే.

కొన్నాళ్ళకు దీనికీ బ్యాక్టీరియా అలవాటు పడదా?

ఒకేసారి పలు చోట్ల దెబ్బతీసే మిశ్రమాన్ని తప్పించుకోవడం, ఒక్క చోట తగిలే మందును తప్పించుకోవడం కంటే కష్టం. అసాధ్యం మాత్రం కాదు. వెల్లుల్లి రెబ్బ మీదే బతుకుతూ అల్లిసిన్‌ను తట్టుకునే సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా రకాన్ని శాస్త్రవేత్తలు వేరుచేశారు. దానికి కావలసిన జన్యువులు గుంపుగా ఉన్నాయని కూడా చూపారు.

## రోగి దగ్గరికి వస్తే

మనుషుల మీద పరీక్షించారా?

భద్రత కోసం మాత్రమే. 109 మంది ఆరోగ్యవంతుల చర్మం మీద కొద్దిగా పూసి, ప్లాస్టరు వేసి, 48 గంటలు ఉంచి చూసిన మొదటి దశ పరీక్ష 2022లో ప్రచురితమైంది. తీవ్రమైన దుష్ప్రభావాలు కనిపించలేదు. అక్కడ పుండు లేదు, ఇన్ఫెక్షన్ లేదు, కన్ను అసలే కాదు. కాబట్టి జబ్బు తగ్గుతుందా అన్న ప్రశ్నకు ఆ పరీక్ష జవాబు చెప్పదు.

కంటి కురుపు లేచింది. ఇది ఇంట్లో చేసి వేసుకోవచ్చా?

వద్దు. పచ్చి వెల్లుల్లి రసం చర్మాన్నే బొబ్బలెక్కేలా కాలుస్తుంది, నల్లగుడ్డు మీది పలుచని పొర దానికి తట్టుకోలేదు. ఇంట్లో చేసిన ద్రవంలో ఏ క్రిమి బతికి ఉందో చూసే మార్గమూ లేదు. నందివర్ధనం పూలు, ఆకు పసర్లు, చనుబాలు, ఆముదం కంట్లో వేసుకుని, ఇన్ఫెక్షన్ ముదిరాక కంటి ఆసుపత్రికి వచ్చేవాళ్ళు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు.

కురుపుకు చేయాల్సింది తేలిక. శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగలిగినంత వెచ్చటి నీళ్ళలో ముంచి పిండి, మూసిన రెప్ప మీద 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాలి. గిల్లకూడదు, నొక్కకూడదు, కాటుక మానాలి. ఎక్కువభాగం వారం పది రోజుల్లో అదే పగిలి తగ్గుతుంది. చూపు మసకబారినా, వాపు చెంపకు పాకినా, జ్వరం వచ్చినా, కనుగుడ్డు కదిపితే నొప్పి పుట్టినా ఆ రోజే కంటి డాక్టరును కలవాలి.

మా నాన్నగారికి షుగర్ వల్ల కాలి పుండు మానట్లేదు. ఏ మందూ పనిచేయడం లేదంటున్నారు. ఇది పూస్తే?

పూయకండి. షుగరు ఉన్నవాళ్ళ పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది, వెల్లుల్లి కాలుస్తున్నా ఆయనకు తెలియదు. డాక్టరును ఈ మూడు విషయాలు అడగండి. పుండును శుభ్రం చేసి, చచ్చిన కండ తీశాక, లోపలి నుంచి తీసిన ముక్కతో, ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చూసే కల్చర్ అండ్ సెన్సిటివిటీ పరీక్ష చేశారా? పైపైన దూదితో తుడిచి తీసిన శాంపిల్‌లో చర్మం మీది క్రిములే వచ్చి తప్పుదారి పట్టించవచ్చు. కాలికి రక్తప్రసరణ పరీక్షించారా? రక్తం అందని చోటికి మందూ అందదు. పుండు మీద బరువు పడకుండా చెప్పు మార్చారా? ఏ మందూ పనిచేయడం లేదనుకున్న పుండ్లలో చాలావాటికి అసలు అడ్డంకి ఈ మూడింటిలోనే ఉంటుంది. పాదం నల్లబడినా, దుర్వాసన వచ్చినా, ఎర్రదనం పైకి పాకినా తెల్లవారేదాకా ఆగవద్దు.

రోజూ పచ్చి వెల్లుల్లి తింటే ఇన్ఫెక్షన్లు రావా?

అలా జరగదు. తిన్న అల్లిసిన్ శరీరంలో త్వరగా మారిపోతుంది, ఆ రూపంలో రక్తంలో తిరిగి పుండును చేరదు. కూరలో ఉడికితే అది పుట్టదు, ముందే పుట్టినా మిగలదు. రుచికీ ఆరోగ్యానికీ తినండి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళు, ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళు ఎక్కువ మోతాదులో పచ్చి వెల్లుల్లి తింటున్నట్లయితే ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

ఇంత బాగా పనిచేస్తే ఇంకా మందుల షాపులోకి ఎందుకు రాలేదు?

పంట పంటకూ బలం మారే మిశ్రమానికి ప్రామాణికత తేవడం కష్టం. ఏ సీసాలో ఏ పదార్థం ఎంత ఉందో చూపలేకపోతే ఏ దేశంలోనూ అనుమతి రాదు. ఎన్నాళ్ళు నిల్వ ఉంటుందో తేలాలి. రోగుల మీద రెండో, మూడో దశ పరీక్షలు జరగాలి, వాటికి కోట్లలో ఖర్చవుతుంది. బయోఫిల్మ్ మీద పనిచేసే కనీస కలయిక ఏదో తేలితే, శుద్ధ పదార్థాలతో దాన్ని తిరిగి కట్టడమే దగ్గరి దారి.

## వేరే పాత మందులు, మన గ్రంథాలు

పాత పుస్తకం చూసి నిజంగా మందు కనిపెట్టిన సందర్భం ఉందా?

ఉంది. క్లోరోక్విన్‌కు మలేరియా లొంగని రోజుల్లో చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్య గ్రంథాలు గాలించారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన జ్వరపు యోగంలో, చింగ్‌హావ్ మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. కషాయం కాచమని లేదు. వేడికి గుణం పోతోందేమోనని ఆమెకు అప్పుడు తట్టింది. సుమారు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియాను పూర్తిగా అణచింది. అదే ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు, దానికే 2015లో నోబెల్ వచ్చింది. అలాగని ఆ ఆకుతో టీ కాచుకుని మలేరియాకు తాగకూడదు. మోతాదు చాలక జబ్బు ముదురుతుంది, పరాన్నజీవి మందుకు అలవాటు పడుతుంది.

పుండుకు తేనె రాయడం మంచిదేనా?

వైద్యానికి శుద్ధి చేసిన తేనె మంచిదే, ఆసుపత్రుల్లో వాడుతున్నారు కూడా. చక్కెర గాఢత బ్యాక్టీరియా నుంచి నీటిని లాగేస్తుంది. పలుచబడినప్పుడు తేనెలోని ఎంజైము వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. తేనె, వెనిగర్ కలిపిన మధ్యయుగపు మందును 2023లో పరీక్షిస్తే, విడివిడిగా చంపలేని మోతాదుల్లో కూడా కలిసి బయోఫిల్మ్‌ను దెబ్బతీశాయి. వంటింటి తేనె మాత్రం లోతైన పుండు మీద వేయకూడదు, అందులో క్లోస్ట్రిడియం అనే ప్రమాదకర బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. వేడిచేస్తే బీజాలు చావవు, ఎంజైము మాత్రం పోతుంది. అందుకే వైద్య తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు.

పసుపు సంగతేమిటి? అన్ని పరీక్షల్లోనూ పనిచేసిందంటారు కదా?

అన్నిటా పనిచేసినట్టు కనిపించడమే అనుమానించాల్సిన విషయం. పసుపులోని ముఖ్య పదార్థమైన కర్కుమిన్‌కు సొంత రంగూ, సొంత మెరుపూ ఉన్నాయి. అది దొరికిన ప్రోటీనుకల్లా అతుక్కుంటుంది. రంగు మార్పును చూసి లెక్కగట్టే పరీక్షల్ని అది సులువుగా మోసం చేస్తుంది. నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పసుపు మీద నమ్మకం ఉన్నవాళ్ళే మరింత గట్టి పరీక్ష కోరాలి.

మన ఆయుర్వేద గ్రంథాల మీద ఇలాంటి పని చేయలేమా?

చేయొచ్చు, చేయాలి కూడా. బసవరాజీయం మొదలుకొని తెలుగు లిపిలో ఉన్న వైద్య గ్రంథాలు తక్కువేమీ కాదు. ముందు పుండ్లకు, కంటికి, చర్మానికి పైపూతగా చెప్పిన యోగాలను ఏరాలి. లోపలికి తీసుకునేవాటి కంటే వీటిని పరీక్షించడం తేలిక. పాదరసం, సీసం ఉన్నవాటిని మొదటి విడతలో పక్కన పెట్టాలి, లోహ విషం బ్యాక్టీరియాను చంపితే అందులో కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మొక్క పేరు ప్రాంతానికి ఒకటి సూచిస్తుంది కనుక వృక్షశాస్త్రజ్ఞుడు, ఆయుర్వేద వైద్యుడు, పాత తెలుగు, సంస్కృతం చదవగలిగిన పండితుడు, మైక్రోబయాలజిస్టు నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. యోగాన్ని విడగొట్టకముందే, రాసింది రాసినట్టుగా ఒకసారి చేసి చూడాలి.

మా ఇంట్లో తాతగారి వైద్య తాళపత్రాలున్నాయి. ఏం చేయాలి?

ముందు విప్పే ప్రయత్నం చేయకండి. ఎండిన ఆకును బలవంతంగా విడదీస్తే అక్షరాల దగ్గరే విరుగుతుంది. తడిగుడ్డ, వంటనూనె, బ్లీచింగ్, కలరా ఉండలు ఏవీ తగలనివ్వకండి. ఎండ పడని పొడి చోట, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి ఉంచండి. ఆకులు వాటంతటవే విడివిడిగా ఉంటే, వరుస మార్చకుండా, రెండు వైపులా, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. దారం తెగి ఉంటే ఇప్పుడున్న వరుసనే కాగితం మీద రాసిపెట్టుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ, అక్కడి ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థ ఈ రంగంలో పనిచేస్తాయి. ఇవ్వడానికి మనసొప్పకపోతే, ప్రతి మీ దగ్గరే ఉంచుకుని డిజిటల్ నకలు తీయించడం కుదురుతుందేమో అడగండి. అందులో కనిపించిన యోగాన్ని మాత్రం ఎవరి మీదా ప్రయోగించకండి.